బడి ఆవరణ పచ్చికలో కలుపు నివారణ — విషపు మందులు లేకుండ



గరిక పేరు చెప్పగనే మెట్టరైతు నొసలు ముడుచుకొనును. వేసవిలో ఎంత దున్నినను, ఎంత ఏరినను, నేలలో మిగిలిన ఒక్క గణుపు నుండి అది తిరిగి చిగిర్చి చేనంతయు అల్లుకొనును. అయితే అదే గరిక బడి ఆవరణలోను, పంచాయతి కార్యాలయము ముందరను, గ్రంథాలయము చుట్టును పరచుకొన్నచో దానిని పచ్చిక అని పిలిచి సంతోషింతుము. పిల్లలు దానిపై ఆడుకొందురు. దుమ్ము లేవదు. వానకు మన్ను కొట్టుకొనిపోదు. చేనిలో కలుపైన మొక్కయే ఆవరణలో పైరగుచున్నది.

పచ్చికలోని కలుపును గూర్చి ఆలోచించునపుడు మొట్టమొదట గుర్తుంచుకొనవలసిన సంగతి ఇదియే. పచ్చికయు ఒక పైరే. వరికి, వేరుశనగకు వలెనే దానికిని నేల తయారి, ఎరువు, నీరు, సకాలమున కలుపుతీత కావలెను. ఇవి లేని పచ్చిక పలుచబడును. పలుచబడిన చోట నేల బయటపడును. బయటపడిన నేల ఏనాడును ఖాళీగా ఉండదు. గరిక లేని చోట కలుపు వచ్చును. కావున కలుపును చంపుట సగము పని మాత్రమే. గరికను దట్టముగా పెంచుట మిగిలిన సగము. ఈ రెండవ సగమును విడిచిపెట్టినవారు ప్రతి సంవత్సరము మొదటి సగమునే చేయుచుందురు.

మందు చల్లుట ఎందుకు తగదు?

ఆవరణలో కలుపు పెరిగినదనగానే గడ్డిమందు తెచ్చి చల్లించుట ఇటీవల చాల గ్రామములలో అలవాటైనది. ఒక మనిషి, ఒక పంపు, ఒక పూట పని. చూచుటకు ఇది సులభముగనే ఉన్నది. కాని ఫలితమును ఆలోచింపుడు.

గ్లైఫోసేట్ అను మందు కలుపునకు, గరికకు భేదము ఎరుగదు. పచ్చని ఆకు దేనిపై పడినను దానిని చంపును. అందుచేత మందు కొట్టిన చోట పచ్చికయు మాడిపోయి నేల బోసిపోవును. తరువాతి వానకు ఆ బోసి నేలపై మరల మొలచునది గరిక కాదు, నేలలో ఎప్పటినుండియో దాగియున్న కలుపు విత్తనములే. ఈ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2015లో, మనుష్యులకు బహుశా కాన్సరు కలిగించునవి అను వర్గములో చేర్చినది. ఇతర దేశముల నియంత్రణ సంస్థలు కొన్ని దీనితో ఏకీభవింపలేదు. ఆ వాదము ఎటు తేలినను, చిన్నపిల్లలు వట్టికాళ్ళతో ఆడుకొను నేలపై దానిని చల్లవలసిన అగత్యము మనకు లేదు.

పారాక్వాట్ అను మందు అంతకన్న ప్రమాదకరమైనది. అది కొద్దిపాటి కడుపులోనికి పోయినను ఊపిరితిత్తులను, మూత్రపిండములను పాడుచేయును. దానికి విరుగుడు మందు లేదు. బడిలోగాని, పంచాయతి గదిలోగాని అట్టి సీసా ఒకటి మూలన పడియుండుట ఎంతమాత్రము క్షేమము కాదు.

ఇక 2,4-డి అను మందు గరికను చంపక వెడల్పాటి ఆకుల మొక్కలనే చంపును. కాని దాని ఆవిరి, తుంపరలు గాలికి కొట్టుకొనిపోయి ప్రక్క చేల మీద పడును. ప్రత్తి మొక్క ఈ మందునకు మిక్కిలి సున్నితమైనది. ఆవరణకు ఆనుకొని ప్రత్తి చేనుగాని, టమాట మడిగాని ఉన్నచో ఆకులు ముడుచుకొని, మెలితిరిగి, పైరు దెబ్బతినును. ఆవరణ శుభ్రపడినను పొరుగు రైతునకు నష్టము, ఊరిలో తగవు మిగులును.

కలుపు మొక్క నేల సంగతి చెప్పును

కలుపును పెరికివేయుటకు ముందు దానిని ఒకసారి చూడుడు. ఏ మొక్క ఎక్కడ మొలచినదో గమనించినచో అక్కడి నేలకు కలిగిన లోపము చాలవరకు తెలియును.

రెడ్డివారి నానబాలు నేలకు అంటుకొని కాలిబాట వెంట కనబడును. అది త్రొక్కుడుకు గట్టిపడిన నేలకు గుర్తు. అట్టి నేలలో గరిక వేరు దిగలేదు. అత్తిపత్తి, మరి ఇతర చిక్కుడుజాతి కలుపు మొక్కలు గాలిలోని నత్రజనిని తామే సమకూర్చుకొనగలవు. కావున నత్రజని తక్కువై గరిక బక్కచిక్కిన చోట అవి పైచేయి సాధించును. గడ్డిచేమంతి గాలికి ఎగిరివచ్చు విత్తనములతో పుట్టి, గణుపుల వద్ద వేళ్ళు దింపుకొనుచు, మిక్కిలి పొట్టిగా కోయబడి పలుచనైన పచ్చికలో వ్యాపించును. కొళాయి కారుచు ఎప్పుడును తడిగా ఉండు చోట తుంగజాతి మొక్కలు గుంపుగా పెరుగును. అట్టిచోట కలుపు తీయుటకన్న ముందు కొళాయి బాగుచేయించవలెను.

చెట్ల నీడలో పచ్చిక చెడుట మరియొక సంగతి. గరికకు నిండైన ఎండ కావలెను. వేప, కానుగ చెట్ల దట్టమైన నీడలో ఎంత ఎరువు వేసినను అది నిలువదు. అట్టిచోట గరిక కొరకు పట్టుపట్టక, రాలిన ఆకులనే 5 నుండి 8 సెంటీమీటర్ల మందమున పరచి ఉంచుట మేలు. ఆకుల క్రింద వెలుతురు సోకక కలుపు విత్తనములు చాలవరకు మొలవవు.

పని సులభమగుటకు ఆవరణలోని కలుపు మొక్కలను మూడు తరగతులుగా విభజించుకొనవచ్చును. మొదటి తరగతివి కనబడిన వెంటనే తీసివేయవలసినవి. వయ్యారిభామ, పల్లేరు ఈ తరగతిలోనివి. ఒకటి శరీరమునకు హాని చేయును, ఒకటి పిల్లల అరికాళ్ళలో గుచ్చుకొనును. రెండవ తరగతిది ఓపికతో అణచవలసిన తుంగ. మూడవ తరగతి నేల ఉసిరి, గంగపావిలి, రెడ్డివారి నానబాలు వంటివి. గరిక దట్టమైన కొలది ఇవి తమంతట తామే తగ్గును. ఒకటి రెండు అక్కడక్కడ కనబడినంత మాత్రమున తొందరపడ నవసరము లేదు.

క్రొత్తగా పచ్చిక వేయు పద్ధతి

ఆవరణ పూర్తిగా కలుపుమయమై గరిక నామమాత్రముగ మిగిలినచో, దానిని అతుకులు వేయుటకన్న క్రొత్తగా పచ్చిక వేయుటయే లాభము. ఈ పని వేసవిలో ఆరంభించి తొలకరికి ముగింపవలెను.

ఏప్రిల్ నెలలో నేలను 25 నుండి 30 సెంటీమీటర్ల లోతు త్రవ్వి, పెళ్ళలు పెళ్ళలుగనే ఎండకు వదలవలెను. తుంగ గడ్డలు, గరిక వేళ్ళు పైకి వచ్చి ఎండును. వారమునకు ఒకసారి పెళ్ళలను తిరగవేసి, పైకి తేలిన గడ్డలను ఏరివేయవలెను. మే నెలాఖరున పెళ్ళలు చితుకగొట్టి, రాళ్ళు ఏరి, నీరు నిలువకుండ కొద్ది వాలుగా చదును చేయవలెను.

అప్పుడు బాగుగా చివికిన పశువుల ఎరువును 100 చదరపు మీటర్లకు, అనగా సుమారు 2½ సెంట్ల స్థలమునకు, 400 నుండి 500 కిలోల వరకు కలుపవలెను. “బాగుగా చివికిన” అను మాటను తేలికగా తీసుకొనరాదు. పశువులు మేసిన గడ్డి విత్తనములలో కొన్ని జీర్ణము గాక పేడతో బయటపడును. పచ్చి ఎరువు వేసినచో మన చేతులతో మనమే కలుపు చల్లినట్లగును. ఎరువు కుప్పను తగిన తేమతో పెట్టి, రెండు మూడుసార్లు తిరగవేసినచో లోపలి వేడి 55 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. ఆ వేడికి చాలభాగము విత్తనములు చచ్చును. కుప్ప అంచులలో వేడి చాలదు గనుకనే అంచులను లోనికి తిరగవేయవలెను.

ఎరువు కలిపిన వెంటనే గరిక నాటకుడు. నేలను తడిపి పది, పదునైదు దినములు ఊరక వదలుడు. పై పొరలోని కలుపు విత్తనములు మొలచును. అవి రెండు మూడు ఆకులు తొడిగినప్పుడు ఎండ వేళ దోకుడుపారతో పైపైన చెక్కివేయవలెను. మరల తడిపి, మరల మొలిపించి, మరల చెక్కవలెను. వీలున్నచో ఈ విధముగ మూడుసార్లు చేయవలెను. చెక్కునపుడు లోతుగా త్రవ్వరాదు. సన్నని కలుపు విత్తనములు పెక్కు వెలుతురు సోకిననే మొలచును. లోతుగా త్రవ్వినచో అడుగున నిద్రించు విత్తనములు మీదికి వచ్చి పడిన శ్రమ వృథా యగును.

గరిక నాటుటకు తొలకరి వానలు అనువైనవి. రెండు మూడు గణుపులు గల ముక్కలను 10 సెంటీమీటర్ల ఎడముగా నాటి, ఒక గణుపు నేలలోను, చివర పైకిని ఉండునట్లు అదిమి, వెంటనే నీరు చల్లవలెను. రెండు మూడు మాసములలో నేల కప్పుకొనును. గరికను పేడ బురదలో కలిపి పరచు పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. అది త్వరగా పచ్చబడును గాని, పచ్చి పేడతో వచ్చు కలుపు విత్తనముల బెడదయు దానితోనే వచ్చును. కావున ఆవరణములకు ముక్కలు నాటు పద్ధతియే మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. గరికను ఎక్కడినుండి తెచ్చుచున్నారో చూచుకొనుడు. గట్ల మీద గరికయు, తుంగయు కలిసి పెరుగును. గరిక వేళ్ళకు అంటిన మట్టిలో శనగగింజంత తుంగ గడ్డ ఒకటి వచ్చినను చాలును, ఆవరణకు తుంగ పట్టినట్లే. తెచ్చిన గరికను నీటిలో జాడించి, మట్టి పూర్తిగా వదిలించి, వేళ్ళను చూచి నాటవలెను. ఎత్తు పెంచుటకై తోలించు చెరువు మట్టిలోను, ఇసుకలోను గూడ తుంగ గడ్డలు వచ్చును. అట్టి మట్టిని ముందుగా ఒక మూల పోసి తడిపి, రెండు వారములు చూచి, తుంగ మొలవకున్ననే వాడవలెను.

ఉన్న పచ్చికను దట్టముగా పెంచు విధము

కోత: పచ్చికను నేలకంటునట్లు గొరుగుట మనలో సాధారణమైన దురలవాటు. పొట్టిగా కోసినచో మాటిమాటికి కోయ నవసరము లేదని భావింతురు. కాని ఆకు పోయిన గరికకు ఆహారము తయారుచేసుకొను శక్తి పోవును, వేరు కుదించుకొనును, నేలకు వెలుతురు తగిలి కలుపు విత్తనములు మేల్కొనును. 4 నుండి 5 సెంటీమీటర్ల ఎత్తు నిలిపి కోయవలెను. ఒక్క కోతకు మొక్క ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. వానకాలములో పది దినములకొకసారి, చలికాలములో నెలకొకసారి కోసినచో చాలును. కలుపు విత్తనము లేని కోతను పచ్చిక మీదనే పలుచగా వదలవచ్చును. అది చివికి ఎరువగును.

నీరు: దినమునకు రెండు పూటల పైపైన చిలకరించుట గరికకు మేలు చేయదు. నేల పై పొర మాత్రము తడిసి, పైన మొలచు కలుపు మొలకలకే ఆ నీరు ఉపయోగపడును. నిండుగా తడిపి, ఆరనిచ్చి, మరల తడుపవలెను. చదరపు మీటరునకు 25 లీటర్లు పెట్టినచో తడి సుమారు 15 సెంటీమీటర్ల లోతునకు దిగును. వేసవిలో నేల స్వభావమును బట్టి 5 నుండి 7 దినములకు ఒకసారి ఇట్లు తడుపవలెను. గరిక వేరు తడిని వెదకికొనుచు క్రిందికి పోవును. పై పొర ఆరి కలుపు మొలకలు ఎండును.

ఎరువు: గరిక నత్రజనిని బాగుగా కోరు పైరు. వేరుశనగ పిండిలో సుమారు 7 శాతము, వేప పిండిలో సుమారు 5 శాతము నత్రజని ఉండును. 100 చదరపు మీటర్లకు 15 కిలోల వేరుశనగ పిండిగాని, 20 కిలోల వేప పిండిగాని పొడిచేసి, జూన్, సెప్టెంబరు నెలలలో ఒక్కొక్కసారి చల్లి నీరు పెట్టవలెను. ఆముదపు పిండియు మంచి ఎరువే. కాని అది పశువులకు విషము. ఆవులు, మేకలు వచ్చుచుండు ఆవరణలోను, పిల్లలు ఆడుకొను చోటను దానిని వాడకుండుటయే క్షేమము. పశువుల మూత్రమునకు పదిరెట్లు నీరు కలిపి చల్లినను పచ్చిక చక్కగా తేరుకొనును.

గట్టి నేల: త్రొక్కుడు పడిన చోట వాన వెలిసిన మరునాడు గుణపముతో జానెడు ఎడముగా 10 సెంటీమీటర్ల లోతు రంధ్రములు పొడిచి, జల్లించిన చివికిన ఎరువును ఇసుకతో కలిపి వానిలో నింపవలెను. పిల్లలు నిత్యము నడచు బాటను పచ్చికగా మార్చ ప్రయత్నింపకుడు. అక్కడ రాళ్ళు పరచి బాటగనే ఉంచుడు. రాళ్ళ సందులలో మొలచు కలుపును మరుగునీరు పోసి చంపవచ్చును. ఈ పనిని పెద్దవారే, పిల్లలు లేని వేళ చేయవలెను.

చేతి కలుపు: వాన కురిసిన మరునాడు నేల మెత్తగా ఉన్నప్పుడు తొలికతో వేరుతో సహా తీయవలెను. పువ్వు పూయుటకు ముందు తీసిన ఒక్క మొక్క, గింజ రాలిన తరువాత తీసిన నూరు మొక్కల పెట్టు. పల్లేరుకు ఒకటే తల్లివేరు. కాయ కట్టకముందు దాని మొదటికి దిగువగా కోసినచో అది తిరిగి రాదు. గంగపావిలిని పెరికి అక్కడనే వదలినచో ముక్కలు తిరిగి వేళ్ళూనును. దానిని తట్టలో వేసి బయటికి తీసుకొనిపోవలెను. కలుపు తీసిన ప్రతి ఖాళీలోను వెంటనే ఒక గరిక ముక్క నాటుడు. ఈ చిన్న పనిని చాలమంది మరచుచున్నారు. ఖాళీని మనము నింపనిచో కలుపే నింపును.

తుంగను జయించు ఉపాయము

తుంగను గుర్తించుట సులభము. దాని పూకాడను వ్రేళ్ళ మధ్య దొర్లించినచో మూడు పలకలు తెలియును. గరికకు ఇట్టి పలకలు లేవు. ప్రపంచములోని పైరులకు అత్యధిక నష్టము కలిగించు కలుపు మొక్కలను శాస్త్రజ్ఞులు 1977లో వరుసపెట్టినపుడు ఈ తుంగకే మొదటి స్థానము దక్కినది. కావున ఇది మన ఊరికి మాత్రమే పట్టిన పీడ కాదు.

దాని బలమంతయు భూమిలో ఉన్నది. ఒక మొక్క క్రింద సన్నని త్రాళ్ళవంటి కాండములతో గడ్డలు గొలుసుగా కూర్చబడి ఉండును. ఈ గడ్డలలో ఎక్కువ భాగము పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉండును. గొలుసు తెగనంతవరకు కొన గడ్డయే మొలచి తక్కినవానిని మొలవనీయదు. గొలుసు తెగినచో ప్రతి గడ్డయు స్వతంత్రించి మొలచును. ఒకసారి త్రవ్వి వదలినచో తుంగ హెచ్చినట్లు కనబడుటకు కారణమిదియే. దోకుడుపారతో పైన చెక్కినచో ఆకు పోవునే గాని గడ్డకు చీమ కుట్టినట్లైనను ఉండదు.

అయితే గడ్డ యందు దాచిన ఆహారము అక్షయము కాదు. మొలక వచ్చిన ప్రతిసారి గడ్డ తన నిలువలో కొంత ఖర్చుచేయును. ఆకులు పచ్చబడి ఎండను పీల్చి, ఆ ఖర్చును తిరిగి పూరించి, సుమారు మూడు నాలుగు వారములలో క్రొత్త గడ్డలను కట్టుట కారంభించును. ఆ గడువునకు ముందే మొలకను తీసివేసినచో గడ్డకు ఖర్చే గాని రాబడి ఉండదు. కావున తుంగ విషయమున రెండు వారములకొకసారి అను నియమమును తప్పరాదు. ఒకనాడు పది మందిని పెట్టి తీయించి రెండు నెలలు మరచుటకన్న, ఒక్క మనిషి ప్రతి పక్షమునకు ఒక పూట తీయుట ఎక్కువ ఫలమిచ్చును. ఒక సంవత్సరము ఇట్లు సాగినచో తుంగ బాగుగా క్షీణించును. నడుమ ఒక నెల ఏమరినను గడ్డలు మరల బలము పుంజుకొనును.

అక్కడక్కడ గుంపులుగా ఉన్న తుంగను మట్టితో సహా జానెడు లోతు పెళ్ళగించి, గుంటను శుభ్రమైన మట్టితో నింపి గరిక నాటవలెను. తీసిన గడ్డలను రాతిబండపైగాని, గచ్చుపైగాని రెండు వారములు మండుటెండలో ఆరబోసినచో తేమ పోయి చచ్చును. పచ్చి గడ్డలను ఎరువు కుప్పలో వేయరాదు. ఎండిన గడ్డలే ఆయుర్వేదములో తుంగముస్తలు. ఊరిలో కొనువారున్నచో శుభ్రపరచి అమ్ముకొనవచ్చును.

క్రొత్తగా పచ్చిక వేయు నేలలో తుంగ విపరీతముగా ఉన్నచో ఏప్రిల్, మే నెలల ఎండను ఉపయోగించుకొనవలెను. నేలను చదునుచేసి, నిండుగా తడిపి, తెల్లని పారదర్శకమైన 25 నుండి 50 మైక్రాన్ల పాలిథిన్ పట్టాను నేలకంటునట్లు పరచి, అంచులను మట్టితో కప్పి, 4 నుండి 6 వారములు ఉంచవలెను. లోపలి వేడికి పై పొరలోని కలుపు విత్తనములు చాలవరకు నశించును. తుంగ గడ్డలు కొంతవరకు చచ్చును. లోతున ఉన్నవి బ్రతుకును గనుక తరువాత పక్షమునకొకసారి మొలకలు తీయుట మానరాదు. నల్ల పట్టాను తుంగ మొలక సూదివలె పొడుచుకొని పైకి వచ్చును. అందుచేత ఈ పనికి పారదర్శకమైన పట్టాయే తగినది. పని ముగిసిన తరువాత పట్టాను మడిచి దాచవలెను. చింపి నేలలో వదలరాదు.

వయ్యారిభామ

ఈ మొక్క అమెరికా ఖండమునకు చెందినది. మన దేశమున పూణే వద్ద 1955లో దీనిని గమనించిరి. నేడు ఇది లేని ఊరు లేదు. తాకినవారిలో కొందరికి చర్మముపై దద్దురులు, దురద పుట్టును. పుప్పొడి గాలిలో కలిసి ఉబ్బసము, తుమ్ములు తెచ్చును. ఒక్క మొక్క వేల సంఖ్యలో గింజలు రాల్చును. మొలచిన నాలుగారు వారములకే పూతకు వచ్చును.

కావున వానలు పడినది మొదలు రెండు వారములకొకసారి ఆవరణ నలుమూలలు, ముఖ్యముగ ప్రహరి గోడ వెంట వెదకి, తెల్లని పువ్వు కనబడకముందే వేరుతో పెరుకవలెను. చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఈ పనిని పిల్లలచే చేయించరాదు. పూయని మొక్కలను ఎరువు కుప్పలో వేయవచ్చును. పూసినవానిని వేరుగా లోతైన గుంటలో పూడ్చవలెను. పశువులకు వేయరాదు.

గోడ బయట, బాట ప్రక్కన పచ్చిక పెరుగని చోట తంటెపు మొక్క గింజలను తొలకరిలో చల్లినచో అవి గుబురుగా పెరిగి వయ్యారిభామను లేవనీయవు. మరియు ఈ మొక్కను తినుటకు మెక్సికో దేశమునుండి ఒక పెంకు పురుగును 1983లో మన దేశమునకు తెచ్చి, పరీక్షించి, 1984లో బెంగుళూరు వద్ద విడిచిరి. లేత రంగు వీపుపై నల్లని చారలు గల ఈ పురుగు వానకాలములో ఆకులను జల్లెడచేసి తినును. అది కనబడిన చోట దానిని చంపకుడు. అయితే వానకాలము దాటిన తరువాత దాని పని తగ్గును గనుక పూర్తిగా దానిపైననే ఆధారపడరాదు. ప్రతి సంవత్సరము ఆగష్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ నివారణ వారము జరుపుచున్నారు. ఆ వారమున ఊరంతయు కదలుట మంచిదే. కాని జూన్‌లో మొలచినది జులై నెలాఖరుకే పూయును. మన ఆవరణలోని మొక్క ఆ వారము కొరకు వేచియుండదు.

ఉప్పు, వెనిగరు వాడవచ్చునా?

రసాయనములు వద్దన్నవారు కొందరు ఉప్పునీరుగాని, వెనిగరుగాని చల్లుడని చెప్పుచున్నారు. ఉప్పు వంటింటి వస్తువే యైనను నేలకు మేలు చేయదు. అది నేలలో నిలిచి, మట్టి కణముల అమరికను చెరచి, గరికను గూడ మొలవనీయదు. చవుడు నేలతో బాధపడు రైతుకు ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. వెనిగరు లేత మొలకల ఆకులను మాడ్చును గాని వేరును, తుంగ గడ్డను చంపలేదు; తగిలిన చోట గరిక ఆకును గూడ మాడ్చును. గాఢమైనది కంటిలో పడినచో ప్రమాదము. వంటింటిలో దొరకినంత మాత్రమున ఏ వస్తువైనను నేలకు మేలు చేయునని తలచుట పొరపాటు.

గ్రామాధికారులకు కొన్ని సూచనలు

ఈ పద్ధతిలో మొదటి సంవత్సరము కూలి ఖర్చు మందు చల్లించుటకన్న ఎక్కువ కావచ్చును. ఈ సంగతిని ముందుగనే పంచాయతి సభ్యులకును, బడి పెద్దలకును స్పష్టముగ చెప్పుట మంచిది. రెండవ సంవత్సరము గరిక కమ్ముకొనిన కొలది కలుపుతీత పని తగ్గును. మందు పద్ధతిలో అట్టి తగ్గుదల లేదు. బోసి నేల ఉన్నన్నాళ్ళు కొనుగోలు ఉండును.

ఆవరణనంతయు ఒక్కసారి బాగుచేయ బూనవద్దు. పిల్లలు ఎక్కువగా ఆడుకొను 100 చదరపు మీటర్ల స్థలముతో ఆరంభించి, అది కుదిరిన తరువాత ప్రక్క స్థలమునకు పోవలెను. సగములో ఆగిన పెద్ద పనికన్న ముగిసిన చిన్న పని మేలు.

ఫలితమును కంటి అంచనాతో గాక లెక్కతో చూడుడు. నాలుగు వెదురు బద్దలతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చట్రము కట్టించి, ప్రతి నెల మొదటి వారమున ఆవరణలో అవే ఐదు చోట్ల పెట్టి, లోపలి కలుపు మొక్కలను తుంగ, వయ్యారిభామ, ఇతరములు అని వేరువేరుగ లెక్కించి ఒక పుస్తకములో వ్రాయించుడు. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను సంతోషముగ చేయుదురు. వయ్యారిభామను తాకకుండ చూచుట ఉపాధ్యాయుల బాధ్యత. మూడు నెలలైనను అంకె తగ్గకున్నచో కోత ఎత్తు, నీరు, ఎరువు ఈ మూడింటిలో ఏది తప్పుచున్నదో వెదకవలెను.

పని క్రమమును ఈ విధముగ గోడపై వ్రాయించవచ్చును:

ఏప్రిల్, మే: త్రవ్వి ఎండబెట్టుట, పట్టా పరచుట.
జూన్: ఎరువు వేయుట, కలుపు మొలిపించి చెక్కుట, ఉన్న పచ్చికకు పిండి ఎరువు.
జులై: గరిక నాటుట, వయ్యారిభామ పెరుకుట.
ఆగష్టు నుండి అక్టోబరు వరకు: పది దినములకొకసారి కోత, పక్షమునకొకసారి తుంగ, వయ్యారిభామ తీత, సెప్టెంబరులో రెండవ విడత పిండి.
నవంబరు నుండి మార్చి వరకు: నెలకొకసారి కోత, ఖాళీలలో గరిక నాటుట, నీటి తడులు, తుంగ తీత.

రైతు సోదరులారా! మీ చేలలో గరికను జయించిన చేతులకు ఆవరణలో గరికను పెంచుట కష్టము గాదు. దాని గణుపు ఎట్లు మొలచునో, ఎప్పుడు పారునో మీకు తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. ఆ తెలివిని మీ పిల్లలు చదువు బడికి ఒక పక్షమునకు ఒక పూట చొప్పున వినియోగింపుడు. తొలకరికి ఇంకను వ్యవధి ఉన్నప్పుడే మీ ఊరి బడి ఆవరణకు పోయి, ఎక్కడ నేల గట్టిపడినదో, ఎక్కడ తుంగ గుంపు కట్టినదో చూచి, మొదట బాగుచేయవలసిన 2½ సెంట్లు ఏవో నిర్ణయింపుడు.